బోర్డు మీద ఒక పేరు, మ్యాప్‌లో ఇంకోటి, కానీ ఊరు ఒకటే
మీరు దారి తప్పలేదండి. మ్యాప్‌లో బాలీఫెరిటర్ అని ఉంది, బోర్డుల మీద ఎక్కడా ఆ పేరే లేదు అన్నారు కదా, ఐర్లండ్‌లోని డింగిల్ ద్వీపకల్పం పడమటి కొస అంతా ఐరిష్ మాట్లాడే ఏరియా, అక్కడ ఊరి పేర్లు ఐరిష్‌లోనే రాస్తారు. బి-ఎ-ఐ-ఎల్-ఇ తో మొదలయ్యి "బాల్యా అన్ ఎర్టేరీ" అని పలికేదే మీ బాలీఫెరిటర్, ఫెరిటర్ వాళ్ల ఊరు అని అర్థం (ఎఫ్ పక్కన హెచ్ ఉంటే ఎఫ్ పలకరు, నేనూ మొదట్లో బోల్తా పడ్డా). ఊరి పేర్లలో డూన్ అంటే కోట, ట్రా అంటే ఇసుక తీరం, కిల్ అంటే చాలావరకు చర్చి. డన్‌క్విన్ ఊరికి వెళ్లాలంటే డూన్ ఖీన్ బోర్డు పట్టుకుని వెళ్లిపోండి. డింగిల్ టౌన్ పేరు మీదైతే పెద్ద గొడవే జరిగింది, 2005లో ఇంగ్లిష్ పేరు తీసేస్తే 2006లో ఊరోళ్లు ఓటేసి మరీ డింగిల్ కావాలన్నారు. ఇంకేదైనా పేరు అర్థం కాకపోతే ఎల్-ఓ-జి-ఎ-ఐ-ఎన్-ఎమ్ డాట్ ఐఈ సైట్‌లో కొట్టండి, రెండు పేర్లూ చూపిస్తుంది.