పాటల పెట్టె: గొంతు అదే, పాట అదే, తేడా ఎక్కడ?

ప్రశ్న: నమస్తే సార్. పాపులర్ క్రిస్మస్ పాటల సంకలనం సీడీ ఒకటి కొన్నాను. అట్ట మీద పేర్లన్నీ పాత గాయకులవే. కానీ కొన్ని పాటలు నేను రేడియోలో వింటూ పెరిగినట్టుగా లేవు. గొంతు అదే, పాట అదే, ఏదో తేడా. తప్పు నా చెవులదా, సీడీదా?

జవాబు: మీ చెవులు భేషుగ్గా ఉన్నాయమ్మా. సీడీ వెనక్కి తిప్పి, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఏముందో చదవండి. ‘రీ-రికార్డెడ్ బై ది ఒరిజినల్ ఆర్టిస్ట్స్’ అని ఉంటే, ఆ గాయకులే కొన్నేళ్ల తర్వాత మళ్లీ పాడారన్నమాట.

ఇదంతా హక్కుల గొడవ. పాట రాసి బాణీ కట్టినవాళ్ల హక్కు ఒకటి, రికార్డింగ్ మీద హక్కు ఇంకొకటి. రెండోది ఎక్కువగా రికార్డు కంపెనీ చేతిలోనే ఉంటుంది. సంకలనం వేసేవాళ్లకు అందరికీ తెలిసిన ఆ రికార్డింగే కావాలంటే దాని యజమాని ఒప్పుకోవాలి, అడిగినంత ముట్టజెప్పాలి. పాత ఒప్పందం గడువు తీరాక ఆ గాయకుణ్ణే పిలిచి మళ్లీ పాడించుకుంటే కొత్త రికార్డింగ్ తమదే అవుతుంది. పాట హక్కుదారుకు రాయల్టీ కడితే సరిపోతుంది. ఖర్చు తగ్గించాలనుకుంటే వాద్యబృందం మీదే కత్తెర పడుతుంది. నా దగ్గరున్న ఒక సీడీలో శాక్సఫోన్ మోగాల్సిన చోట కీబోర్డు కీచుమంటుంది. పండగ పూట ఆ శిక్ష ఎందుకు?

అలాగని మళ్లీ పాడినవన్నీ నాసిరకమనీ కాదు. బింగ్ క్రాస్బీ ‘వైట్ క్రిస్మస్’ను డెక్కా కంపెనీకి 1942 మేలో పాడాడు. దాన్నుంచి కాపీల మీద కాపీలు తీసి తీసి మాస్టర్, అంటే అసలు ప్రతి, అరిగిపోయింది. దాంతో 1947 మార్చిలో అదే ఆర్కెస్ట్రాతో, అదే కోరస్‌తో మళ్లీ పాడించారు. ఇప్పుడు మనం ఎక్కువగా వినేది ఈ రెండోదే! మొదట్లో ఫ్లూట్లు, సెలెస్టా (చిరుగంటల్లా మోగే కీబోర్డు వాద్యం) గలగలలు వినిపిస్తే అది 1947 నాటిది. నాట్ కింగ్ కోల్ ‘ది క్రిస్మస్ సాంగ్’ అయితే 1946లోనే రెండుసార్లు, ముందు ట్రియోతో (ముగ్గురి బృందంతో), తర్వాత వయొలిన్లు చేర్చి రికార్డు చేశారు. మళ్లీ 1953లో ఒకసారి, 1961లో స్టీరియోలో ఇంకోసారి పాడాడు. నా ఓటు 1961 దానికే. పాతదే గొప్పదనేవాళ్లు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఇకపై కొనేముందు ఒక పని చేయండి. గుండ్రటి గీతలో ‘పి’ అక్షరం, పక్కన ఏడాది ఉంటుంది. అది సౌండ్ రికార్డింగ్ హక్కు గుర్తు. సీడీ మొత్తానికి ఒకే ఏడాది వేస్తే దాన్నిబట్టి ఏదీ తేలదు, అది సంకలనం వెలువడిన ఏడాది కావచ్చు. పాట పాటకూ విడిగా ఏడాది, కంపెనీ పేరు ఉంటే చాలావరకు నమ్మొచ్చు. ‘ట్రిబ్యూట్’, ‘ఇన్ ది స్టైల్ ఆఫ్’ అనే మాటలుంటే మాత్రం గొంతు కూడా వేరేవాళ్లదే.

ప్రశ్న: ‘జింగిల్ బెల్స్’లో క్రిస్మస్ అన్న మాటే లేదని మా అబ్బాయి వాదిస్తున్నాడు. మరి ప్రతి సంకలనంలోనూ అదెందుకుంటుంది?

జవాబు: మీ అబ్బాయే గెలిచాడు. 1857లో జేమ్స్ పియర్‌పాంట్ దాన్ని అచ్చు వేయించినప్పుడు పేరు ‘వన్ హార్స్ ఓపెన్ స్లెయ్’. గుర్రం లాగే మంచుబండి, పక్కన అమ్మాయి, కుర్రాళ్ల హుషారు, అంతే. గంటలూ మంచూ ఉన్నాయి కదా అని పండగే దాన్ని దత్తత తీసుకుంది. ఈసారి ‘లెట్ ఇట్ స్నో’ మీద వాదించమనండి. అందులోనూ క్రిస్మస్ ఊసు లేదు. పైగా దాన్ని రాసింది 1945 జూలైలో, హాలీవుడ్ ఎండల్లో.