ఇంగ్లండ్‌లో రోడ్డుకు దూరంగా సైకిల్ తొక్కాలంటే ముందు ఆ దారి పుట్టుక తెలుసుకోండి

మీరు రెడింగ్‌కు వచ్చి ఆరు నెలలైంది, ముగ్గురికీ హైబ్రిడ్ సైకిళ్ళు (తారు రోడ్డుకూ గట్టి మట్టిదారికీ పనికొచ్చేవి) కొన్నారు, మీ ఆవిడకూ పదేళ్ళ బాబుకూ కార్ల పక్కన తొక్కాలంటే భయం అని రాశారు. పెద్ద ఎత్తులు లేకుండా పల్లెల మధ్యగా పోయే దారులు ఎక్కడున్నాయి, మౌంటెన్ బైక్ లేకపోతే కుదరదా అని అడిగారు.

నేను ఎనిమిదేళ్ళుగా ఇదే ఊళ్ళో ఉంటున్నాను. ఇంటర్‌తో వదిలేసిన సైకిల్‌ను ముప్పై నాలుగేళ్ళ వయసులో ఇక్కడ మళ్ళీ పట్టుకున్నాను. అప్పుడు మా పాపకు తొమ్మిదేళ్ళు. అందుకే మీ ఇంట్లోవాళ్ళ టెన్షన్ నాకు బాగా తెలుసు. మౌంటెన్ బైక్ అక్కర్లేదు, ఉన్న హైబ్రిడ్లు చాలు. కాకపోతే దారి ఎంచుకోవడం తెలియాలి.

మొదట్లో నేను మైళ్ళు చూసి ఎంచుకునేదాన్ని. ఎనిమిది మైళ్ళంటే తేలిక, ఇరవై అంటే కష్టం అనుకునేదాన్ని. అది తప్పని తొందరగానే తెలిసింది. చూడాల్సింది ఆ దారిని ఒకప్పుడు దేనికోసం వేశారన్నది. రైలు కోసమా, పడవల కోసమా, గొర్రెల మందల కోసమా? అది తెలిస్తే ఎత్తుపల్లాలు, బురద, వెడల్పు అన్నీ ముందే అంచనా వేయొచ్చు.

మీకు అన్నిటికన్నా నమ్మకమైనవి పాత రైలు దారులు. నష్టాల్లో ఉన్న రైలు మార్గాలను మూసేయమని 1963లో వచ్చిన బీచింగ్ నివేదిక తర్వాత ఇక్కడ వేల మైళ్ళ రైలు మార్గాలు మూతపడ్డాయి. పట్టాలు తీసేశారు, కట్టలు మిగిలాయి. ఆవిరి ఇంజన్ నిటారు ఎత్తు ఎక్కలేదు కదా, అందుకని ఆ రోజుల్లోనే గుట్టలు తొలిచి, లోయల్లో కట్టలు పోసి దారిని చదును చేశారు. మామూలుగా వందడుగులకు రెండడుగులకు మించి ఎత్తు పెరగదు. ఆ శ్రమంతా ఇప్పుడు పిల్లల కాళ్ళకు ఉపకారమవుతోంది. బ్రిస్టల్, బాత్ ఊళ్ళ మధ్య ఉన్న 13 మైళ్ళ దారి ఇలాంటిదే. 1979లో సైకిల్‌బ్యాగ్ అనే స్థానిక బృందం వాలంటీర్లతో పని మొదలుపెట్టింది, 1986కల్లా దారి పూర్తయింది. ఆ బృందమే తర్వాత సస్ట్రాన్స్ అనే, సైకిల్ దారులు వేసే స్వచ్ఛంద సంస్థ అయింది. దారంతా తారు వేసి ఉంటుంది. మధ్యలో బిట్టన్ స్టేషన్ దగ్గర ఇప్పటికీ ఆవిరి రైలు నడుపుతారు. మా పాప అక్కడ ఇంజన్ ముందు నిలబడి గంటసేపు కదలలేదు.

లాంగ్ వీకెండ్ దొరికితే ఇంగ్లండ్ మధ్యభాగంలోని కొండప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న టిస్సింగ్టన్ ట్రెయిల్‌కు వెళ్ళండి. అదీ పాత రైలు దారే. ఆష్‌బోర్న్ నుంచి పార్స్లీ హే దాకా 13 మైళ్ళు. రెండు వైపులా రాతి గోడలు, పచ్చిక, గొర్రెలు. ఆష్‌బోర్న్ వైపు నుంచి మొదలుపెడితే వెళ్ళేటప్పుడు కొద్దికొద్దిగా ఎత్తు, తిరిగొచ్చేటప్పుడు పల్లం. పిల్లలు అలిసిపోయాక పల్లం రావడం ఎంత మేలో మీకు చెప్పనక్కర్లేదు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ఆష్‌బోర్న్ సొరంగం దాటిన కాసేపటికి, పాత వంతెన తీసేసిన చోట దారి ఒక్కసారిగా వాగులోకి దిగి మళ్ళీ ఎక్కుతుంది. అక్కడ బాబును దిగి నడిపించుకుంటూ రమ్మనండి. పార్స్లీ హే దగ్గర కలిసే హై పీక్ ట్రెయిల్ కూడా పాత రైలు దారే, కానీ క్రామ్‌ఫర్డ్ చివర నిటారు వాలులున్నాయి. అక్కడ వ్యాగన్లను ఇంజన్ కాదు, కొండ మీద బిగించిన ఆవిరి యంత్రం తాళ్ళతో పైకి లాగేది. మిడిల్టన్ టాప్‌లో ఆ యంత్రశాల ఇప్పటికీ ఉంది. పార్స్లీ హే చుట్టుపక్కల తొక్కి, ఆ చివరికి పోకండి.

రెండో రకం కాలువ గట్లు. వీటిని టౌపాత్ అంటారు. పడవలకు గుర్రాలను కట్టి లాగించడానికి వేసిన దారులివి. మాది తెనాలి వైపు. మా తాతయ్య చిన్నతనంలో కృష్ణా కాలువల మీద పడవలను మనుషులే గట్టు వెంట తాడుతో లాగేవాళ్ళట. అందుకేనేమో, మొదటిసారి కెనెట్ అండ్ ఏవన్ కాలువ గట్టు ఎక్కినప్పుడు నాకు కొత్త చోటులా అనిపించలేదు. ఈ కాలువ మీ ఊరి నుంచే మొదలై 87 మైళ్ళు పోయి బ్రిస్టల్ చేరుతుంది. అయితే మొదటిసారే రెడింగ్ నుంచి బయల్దేరకండి. ఈ వైపు గట్టు కొన్నిచోట్ల సన్నగా, గతుకులుగా ఉంటుంది. రైల్లో బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌కు వెళ్ళి, అక్కణ్ణుంచి బాత్ దాకా సుమారు పది మైళ్ళు తొక్కండి. దాదాపు అంతా చదునే. దారిలో ఏవన్‌క్లిఫ్ దగ్గర ఒకసారి, డండస్ దగ్గర ఒకసారి కాలువే నదిని వంతెన మీద దాటుతుంది. కింద నది, పైన కాలువ, కాలువలో పడవ. మా ఆయన రెండుచోట్లా సైకిల్ ఆపి అలా చూస్తూ ఉండిపోయారు.

కాలువ గట్టు మీద ఎత్తు వచ్చిందంటే అక్కడ లాకులున్నట్టే. మన దుగ్గిరాల లాకుల్లాంటివే. డివైజెస్ ఊరి దగ్గర కేన్ హిల్ అని ఉంది, రెండు మైళ్ళలో 29 లాకులు. అందులో 16 ఒకే వరసలో మెట్లలా కనిపిస్తాయి. దాన్ని పైనుంచి కిందికి తొక్కండి. ఇంకో మాట, గట్టు మీద నడిచేవాళ్ళదే ముందు హక్కు. వంతెనల కింద దారి ఇరుకు, మలుపు అవతల ఎవరొస్తున్నారో కనపడదు. బెల్ కొట్టి, బాబును నీళ్ళకు దూరంగా లోపలి వైపు ఉంచి, నెమ్మదిగా దాటండి.

మూడో రకం అసలైన పల్లెదారులు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే, ఎక్కువ తప్పులు చేసిందీ వీటి మీదే. ఇక్కడ పొలాల్లో కనిపించే ప్రతి బాట మీదా సైకిల్ వెళ్ళకూడదు. ఫుట్‌పాత్ అని ఉంటే నడకకే. బ్రైడల్‌వే అంటే గుర్రాల దారి, దాని మీద సైకిల్‌కు 1968 చట్టం అనుమతి ఇచ్చింది, గుర్రాలకూ నడిచేవాళ్ళకూ మనం దారి ఇవ్వాలన్న షరతుతో. బాణం గుర్తు పసుపు రంగులో ఉంటే ఫుట్‌పాత్, నీలం అయితే బ్రైడల్‌వే. ఇది తెలియక ఒకసారి పసుపు బాణం పట్టుకుని గోధుమ చేను మధ్యకు వెళ్ళాను. ఎదురొచ్చిన రైతు కోప్పడలేదు, "ఇది నడిచేవాళ్ళదమ్మా, మీ దారి ఆ చెట్ల అవతల" అని చూపించాడు. సిగ్గేసింది. ఆ వారమే ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసే ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ కొన్నాను. అందులో చిన్న ఆకుపచ్చ గీతలు ఫుట్‌పాత్, పొడుగు గీతలు బ్రైడల్‌వే. ఫోన్ మ్యాప్ ఒక్కటే నమ్ముకోకండి.

మీకు దగ్గర్లో ఉన్నది రిడ్జ్‌వే. మందలు తోలుకుపోయిన చాలా పాత కొండదారి. మొత్తం 87 మైళ్ళు, కానీ సైకిల్‌కు పనికొచ్చేది థేమ్స్ నదికి పడమటి సగమే. తూర్పు సగంలో ఎక్కువ భాగం ఫుట్‌పాత్. కారులో అఫింగ్టన్ దాకా వెళ్ళి అక్కడ మొదలుపెడితే ఎక్కుడు శ్రమ తప్పుతుంది. కొండ మీద సుద్దతో గీసిన తెల్ల గుర్రం ఉంటుంది, 110 మీటర్ల పొడవు, దాదాపు 3000 ఏళ్ళ నాటిది. పైన గాలి, భరత పక్షుల కూత, ఎటు చూసినా చేలు.

కానీ ఎప్పుడు వెళ్తున్నామన్నది ముఖ్యం. నేను మొదట వెళ్ళింది ఫిబ్రవరిలో, మూడు రోజుల వాన తర్వాత. వానకు మన నల్లరేగడి చెప్పులకు ఎలా పట్టుకుంటుందో, ఆ సుద్దమట్టి టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య అలా పట్టేసింది. చక్రం తిరగడమే మానేసింది. పుల్లతో గీకడం, పదడుగులు వేయడం, మళ్ళీ గీకడం. మూడు మైళ్ళు తోసుకుంటూ వచ్చాం. అయిదు దాటగానే వెలుగు తగ్గిపోయింది, పాప ఏడ్చింది. మళ్ళీ సైకిల్ ముట్టుకోవడానికి దానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నా మీద నాకే కోపంగా ఉండేది. అందుకే చెబుతున్నాను, రిడ్జ్‌వేకు మే నుంచి సెప్టెంబర్ మధ్యలో, వారం రోజులు వాన లేనప్పుడు వెళ్ళండి. చలికాలానికి రైలు దారులున్నాయి.

సుద్దనేల మీద చెకుముకి రాళ్ళుంటాయి, అంచులు బ్లేడులా ఉంటాయి. పొలాల పక్కన కంచెలు కత్తిరించాక ముళ్ళు దారి మీద పడతాయి, మన తుమ్మముళ్ళంత పదునుగా. రెండు ట్యూబులు, పంపు దగ్గర ఉంచుకోండి. గుర్రం కనిపిస్తే బెల్ కొట్టకుండా దూరం నుంచే "హలో" అని పిలవండి. మనిషి గొంతు వింటే అది బెదరదు. రౌతు చెప్పాకే పక్కనుంచి దాటండి. గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూయండి. రైల్లో సైకిల్ చోటు ముందే బుక్ చేసుకోండి, రద్దీ వేళల్లో కొన్ని రైళ్ళలో ఎక్కనివ్వరు.

మీరు బ్రాడ్‌ఫర్డ్ నుంచి బాత్‌తో మొదలుపెట్టండి. అది బాబుకు నచ్చితే తర్వాతి వారం బాత్‌లోనే రెండు పాత రైలు సొరంగాల గుండా పోయే టూ టనెల్స్ దారికి తీసుకెళ్ళండి. 2013లో సైకిళ్ళకు తెరిచిన కూమ్ డౌన్ సొరంగం మైలుకు పైనే ఉంటుంది, లోపల దీపాలతో పాటు సంగీతం కూడా వినిపిస్తుంది. ఎండాకాలంలో కూడా లోపల చలి. ముగ్గురికీ స్వెట్టర్లు పెట్టుకోండి.