పిల్లల కథల పోటీకి జడ్జిగా ఉండమన్నారు, మార్కులు ఎలా వేయాలి?

దేవరకొండ వైపు ఒక మండలంలో 6 నుంచి 10వ తరగతి పిల్లలకు కథల పోటీ పెడుతున్నారనీ, మీరు సైన్సు టీచరైనా కథలు బాగా చదువుతారని జడ్జిగా పేరు రాశారనీ అన్నారు. ఎప్పుడూ చేయని పని, మార్కులు ఎలా వేయాలి, కాపీ కథల్ని ఎలా పట్టుకోవాలి అని మీ ప్రశ్న. నేను నల్లగొండ జిల్లాలో తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యాను. పదిహేనేళ్ళుగా ఇలాంటి పోటీలకు పిలుస్తున్నారు. పాలమూరు వైపు కూడా నాలుగైదు సార్లు పోయాను. తెలిసింది చెబుతాను, అందులో సగం నేను చేసిన తప్పులే.

సైన్సు టీచర్నని వెనకాడకండి. మా పండితులకు కాగితం చేతికి రాగానే కన్ను ముందు ఒత్తుల మీదికి, వట్రసుడి మీదికి పోతుంది. మీకు ఆ జబ్బు తక్కువుంటుంది.

ఆ జబ్బు ఎక్కడిదాకా పోతుందంటే, ఒకసారి సెప్టెంబర్ 9న, సరిగ్గా కాళోజీ జయంతి నాడు, అంటే తెలంగాణ భాషా దినోత్సవం రోజే పోటీ పెట్టారు. ఏడో తరగతి పాప ఒకామె కథలో ముసలమ్మ "దూపయితుంది బిడ్డా, ఇన్ని నీళ్ళు పొయ్యి" అంటుంది. నా పక్కన కూర్చున్న జడ్జి ఆ 'దూప' చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన 'దాహం' అని రాశారు. ఆ ముసలమ్మ "దాహంగా ఉంది నాయనా" అంటే ఆమె మన ఊరి అవ్వ కాదు, సీరియల్లో అవ్వ. పొద్దున సభలో మన భాష, మన యాస అని చప్పట్లు కొట్టి, మధ్యాహ్నం గది తలుపేసుకుని మాటకు అర మార్కు చొప్పున కోశాం. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నందుకు జవాబుగా, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపించాడు. ఆ మాటన్నది బయటివాళ్ళు. ఇక్కడ ఎర్ర పెన్ను పట్టుకున్నది మనమే.

అందుకని నేను పెట్టుకున్న కొలత ఒకటే. చదివితే అర్థం కాకుండా పోతే అది తప్పు. నోట్లోంచి వచ్చినట్టు రాస్తే తప్పు కాదు. కథ చెప్పేవాడి మాట పుస్తకంలా, మనుషుల మాట ఇంట్లోలా ఉన్నా సరే, రెండూ కలగాపులగమైనా సరే. అక్షరదోషాలకు 50లో 5 మార్కులు మించి కేటాయించవద్దని నిర్వాహకులతో ముందే ఒప్పించుకోండి. దస్తూరీకైతే అసలు వద్దు. గీతలు గీసినట్టు రాసే పిల్లల కాగితం మనకు తెలియకుండానే రెండు మార్కులు ఎక్కువ లాక్కుంటుంది. నాకు అనుమానం వచ్చినప్పుడు, దస్తూరీ బాగాలేని కథను మా ఇంట్లో ఎవరితోనైనా పైకి చదివించుకుని కళ్ళు మూసుకుని వింటాను. మార్కు మారిన సందర్భాలు చాలా ఉన్నాయి.

పద్ధతి గురించి పొడుగ్గా చెప్పనవసరం లేదు. పిల్లల పేరు, బడి పేరు కనబడకుండా నంబర్లు వేయించండి. చిన్న మండలంలో ఇది మరీ ముఖ్యం, బడి పేరు చూడగానే అక్కడి హెడ్మాస్టరు మొహం గుర్తొస్తుంది. ఆరు, ఏడు తరగతులు ఒక గుంపు, పైవాళ్ళు ఒక గుంపు. మొదటిసారి మార్కులు వేయకుండా ఊరికే చదివి మూడు కుప్పలు చేయండి. ఇంకో సంగతి, మొదట చదివిన పదింటినీ చివర్లో మళ్ళీ చదవాలి. పొద్దున టీ తాగి కూర్చున్నప్పుడు ఉండే ఓపిక, తొంభయ్యో కాగితం దగ్గర ఉండదు.

కాపీ సంగతి. పోటీ అక్కడికక్కడే, గంటన్నరలో, అప్పుడే ఇచ్చిన అంశం మీద రాయించేదైతే ఈ బాధ చాలావరకు పోతుంది. ఇంటి దగ్గర రాసి తెమ్మంటే మాత్రం సింహం, కుందేలు, రామయ్య, సోమయ్య, కట్టెలు కొట్టేవాడు అందరూ వరసగా వచ్చేస్తారు. ఇప్పుడు ఫోన్లో అడిగితే కథ రాసిచ్చేవి కూడా వచ్చాయి. వాటి కథల్లో తప్పు ఒక్కటీ ఉండదు, ఊరూ ఉండదు. కథలోని పిల్లవాడు బడికి ఏ దారిన పోతాడు, మధ్యాహ్నం ఏం తిన్నాడు, వాళ్ళింటి ముందు ఏ చెట్టుంది, ఒక్కటీ తెలియదు. చివర్లో మాత్రం జీవితం గురించి నాలుగు వాక్యాలు ఠంచనుగా ఉంటాయి.

అయితే ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక పోటీలో ఎనిమిదో తరగతి అమ్మాయి కథ మా చేతికొచ్చింది. భాష చూస్తే ముక్కున వేలేసుకునేలా ఉంది. రాజు కొలువులో దొంగ మాట్లాడే మాటలు, మధ్యలో ఒక దరువు, అంతా తాళానికి సరిపోయింది. ఎవరో పెద్దవాళ్ళు రాసిచ్చారని నేను తేల్చేశాను. అంతటితో ఆగినా బాగుండేది. అందరి ముందు పిలిచి, "ఇది నీకెవరు రాసిచ్చారమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల తల వంచుకుని గోరు గిల్లుకుంటూ నిలబడిందే కానీ నోరు విప్పలేదు. నోరు విప్పకపోవడాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను. తర్వాత వాళ్ళ సారు చెప్పాడు, ఆ పిల్ల తాత వీధి భాగోతాలు ఆడేవాడట. పుట్టినప్పటి నుంచి రాత్రిళ్ళు ఆ పద్యాలు, దరువులు వింటూ నిద్రపోయిందట. మరుసటేడు ఆ బడి నుంచి కథలొచ్చాయి, ఆమె కథ రాలేదు. పదిలోకి వచ్చాక కూడా రాలేదు.

కాబట్టి అనుమానం వస్తే పక్కకు పిలిచి, కూర్చోబెట్టి, "ఈ దొంగకు ఇంట్లో ఎవరున్నారు? కథ అయిపోయాక ఎక్కడికి పోతాడు?" అని కథ గురించి అడగండి. సొంతంగా రాసిన పిల్లలు కాగితంలో లేని సంగతులు గడగడా చెబుతారు. బట్టీ పట్టినవాళ్ళు కాగితంలో ఉన్నదే మళ్ళీ చెబుతారు. మాట్లాడకుండా ఉన్నవాళ్ళను మాత్రం దొంగలనుకోవద్దు. బిడియం వేరు.

అంశం ఇచ్చే పని మీ చేతిలో ఉంటే దాని మీదే ఎక్కువ ఆలోచించండి. 'నిజాయితీ' అని ఇస్తే, దొరికిన పర్సు తిరిగిచ్చే కథలు అరవై వస్తాయి. పాలమూరులో ఒకసారి 'తాళం వేసిన ఇల్లు' అని ఇచ్చాం. అక్కడ దసరా, దీపావళి దాటగానే కుటుంబాలు మేస్త్రీ వెంట ముంబైకో, పుణెకో కట్టుబడి పనులకు పోయి ఉగాదికి తిరిగొస్తాయి. ముసలివాళ్ళ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో ఉండి చదువుకునే పిల్లలుంటారు. ఆ ఒక్క అంశానికి ఎన్ని రకాల కథలొచ్చాయో చెప్పలేను. ఒక పిల్లవాడు ఇంట్లో మిగిలిపోయిన బల్లి చేత కథ చెప్పించాడు. ఉగాదికి తలుపు తీసిన అమ్మ, "ఇంకా ఉన్నవా నువ్వు?" అని ఆ బల్లిని అడుగుతుంది. కథ అక్కడే ఆగిపోయింది. నీతి లేదు, మొదటి బహుమతి ఇచ్చాం.

అన్నిసార్లూ అలా నెగ్గలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు సంగతి సైన్సు టీచర్ కదా, మీకు నేను చెప్పేదేముంది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ బోరు నీళ్ళు అది దాటిపోయి ఎందరి నడుములు వంచాయో. ఇప్పుడు పైపుల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నా, వంగిన ఎముక తిరిగి నిలబడదు. ఆ వైపు పిల్లవాడొకడు తాత గురించి రాశాడు. పేజీన్నర. అందులో ఒక వాక్యం: "మా తాత మొగులు చూడాలంటే మంచంల ఎల్లెలుకల పండాలె." మొగులంటే ఆకాశం, ఎల్లెలుకల అంటే వెల్లకిలా. వాన వస్తదా అని మనవణ్ణి అడగడం ఇష్టం లేక, పొద్దుగాల లేవకముందే ఆ తాత మొగులు చూసి పెట్టుకుంటాడు. అంతే కథ.

మా ముగ్గురిలో ఒకరు ఇది కథ కాదు, వ్యాసం అన్నారు. ఇంకొకరు, నీళ్ళు శుభ్రం చేసుకుని తాగాలని చివర్లో ఒక మాట రాసుంటే ప్రైజు ఇచ్చేవాళ్ళం అన్నారు. గంటసేపు వాదించాను. ఒక మనిషి చిన్న కోరిక, దానికి అడ్డం, దాన్ని దాటే ఉపాయం, ఇంతకన్నా కథలో ఇంకేం ఉండాలి అన్నాను. ఇద్దరు ఒకవైపు, నేనొకడిని ఒకవైపు. కన్సొలేషన్‌తో సరిపెట్టారు. ఆ తర్వాతి నుంచి నేను జడ్జిగా ఒప్పుకునే ముందే ఒక మాట అడుగుతున్నాను. మార్కుల పట్టికలో 'సందేశం' అని గడి ఉందా, లేదా? ఉంటే తీసేయమంటాను. తీయకపోతే దానికి అందరికీ ఒకే మార్కు వేస్తాను. ఇది న్యాయమా అంటే, నాకు న్యాయమే అనిపిస్తుంది. పిల్లలు నీతి రాసేది మన కోసం, మనం అడుగుతామని.

ఫోన్లు వస్తాయి. "మా వాడికి ఏదో ఒకటి చూడండి సార్" అని సొంత చుట్టాలే చేస్తారు. నంబర్లే తప్ప పేర్లు మాకు తెలియవు అని చెప్పేయండి, అది నిజం కూడా అయితే చెప్పడం తేలిక. కథలు ముందురోజు రాత్రి తెచ్చి పడేసి, పొద్దున పదింటికి ఫలితాలు కావాలంటారు. కనీసం మూడు రోజులు అడగండి. శాలువా ఎలాగూ కప్పుతారు. నా బీరువాలో ఒక అర నిండా అవే.

ప్రైజు రానివాళ్ళ కాగితం మీద కూడా పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాయండి. 'బాగుంది' అని కాదు, ఏది బాగుందో. కాగితాలు పిల్లలకు తిరిగి ఇప్పించండి, లేకపోతే బీరువా మీద కట్టలుగా పడుండి చివరికి తూకానికి పోతాయి. ఆ తాత కథకు నా దగ్గర జిరాక్సే ఉంది. అసలు కాగితం కావాలని ఆ పిల్లవాడు సభ అయిపోయేదాకా స్టేజీ పక్కనే నిలబడ్డాడు. తాతకు చదివి వినిపించాలట.