టెక్ సందేహాలు: గుణిస్తే సరే, కూడితే సున్నా!

ప్రశ్న: కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కమీషన్ మండీ లెక్కలు ఎక్సెల్‌లో రాస్తున్నాను. సి కాలమ్‌లో క్వింటాళ్లు, డి కాలమ్‌లో ధర. వరుసలో రెండూ గుణిస్తే సరిగ్గానే వస్తోంది. క్వింటాళ్ల మొత్తానికి సమ్ పెడితే 0 చూపిస్తోంది. యావరేజ్‌తో తీసిన సగటు ధర కూడా మా యజమాని లెక్కతో కలవడం లేదండీ.

జవాబు: మీ సి కాలమ్‌లో ఉన్నవి చూడటానికి అంకెలే, ఎక్సెల్ దృష్టిలో మాత్రం టెక్స్ట్. గుణకారం గుర్తు పెడితే ఎక్సెల్ ఆ టెక్స్ట్‌ను తనే అంకెగా మార్చుకుంటుంది. సమ్ ఆ పని చేయదు, టెక్స్ట్ గళ్లను వదిలేస్తుంది. అన్నీ వదిలేస్తే మిగిలేది 0. కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి అడుగున ఉండే స్టేటస్ బార్ చూడండి. కౌంట్ ఒక్కటే కనిపించి సమ్ కనిపించకపోతే రోగం ఇదే. గడిలో అంకె ఎడమ వైపుకు అతుక్కుని ఉండటం ఇంకో ఆనవాలు.

కాలమ్ ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చండి. అంతటితో అయిపోదు, పాత అంకెలు అలాగే ఉంటాయి. డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, ఏమీ మార్చకుండా ఫినిష్ నొక్కండి. గడిలో '40 క్వి' అని ఎప్పుడూ రాయకండి, అంకె ఒక్కటే ఉండాలి. యూనిట్ పేరు ఉండాల్సింది హెడింగ్‌లోనే.

ఇక సగటు. 40 క్వింటాళ్లు 1,200 చొప్పున, 10 క్వింటాళ్లు 2,000 చొప్పున అమ్ముడైతే యావరేజ్ 1,600 అంటుంది. నిజానికి వచ్చిన డబ్బు 68,000, సరుకు 50 క్వింటాళ్లు. అంటే క్వింటాలుకు పడింది 1,360. మీ యజమాని నోటిలెక్కే కరెక్టు! ప్రతి వరుసలో క్వింటాళ్లను ధరతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్వింటాళ్లతో భాగించే ఫార్ములా ఇది:

=సమ్‌ప్రొడక్ట్(సి2:సి60,డి2:డి60)/సమ్(సి2:సి60)

ఫంక్షన్ పేర్లు, కాలమ్ అక్షరాలు షీట్‌లో ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. పైన చెప్పిన టెక్స్ట్ బాగుచేయకుండా దీన్ని పెట్టకండి. ఇక్కడ కామాతో ఇచ్చిన టెక్స్ట్ గళ్లను సమ్‌ప్రొడక్ట్ సున్నాగానే తీసుకుంటుంది. సైజుల వారీగా ఫిల్టర్ పెట్టి చూసే అలవాటుంటే, క్వింటాళ్ల మొత్తం తీసే గడిలో (పై సగటు ఫార్ములాలో కాదు) సమ్ బదులు =సబ్‌టోటల్(9,సి2:సి60) వాడండి. ఫిల్టర్‌లో కనిపించే వరుసలనే కూడుతుంది.

ప్రశ్న: ప్రొద్దుటూరులో బంగారు అంగడి. ఎక్సెల్‌లో వేసే బిల్లుల్లో జీఎస్టీ మొత్తం ఒకట్రెండు పైసలు తేడా వస్తోంది. ఎందుకు?

జవాబు: గడిలో కనిపించేది రెండు దశాంశాలే అయినా లోపల పూర్తి అంకె ఉంటుంది. 10.334 మూడుసార్లు ఉంటే ఒక్కోటీ 10.33గా కనిపిస్తుంది, మొత్తం మాత్రం 31.00. చేత్తో కూడితే 30.99. ధర ఇ2 గడిలో ఉందనుకుంటే, పన్ను లెక్క వేసే గడిలోనే =రౌండ్(ఇ2*3%,2) అని పెడితే తేడా పోతుంది. సెట్టింగ్స్‌లో 'ప్రెసిషన్ యాజ్ డిస్‌ప్లేడ్' అని ఒకటి ఉంటుంది. దాని జోలికి పోకండి. టిక్ పెడితే వర్క్‌బుక్‌లో నేరుగా టైపు చేసిన అంకెల్లో గడిలో కనిపించని దశాంశాలు కూడా శాశ్వతంగా తెగిపోతాయి, రెండు దశాంశాలే కనిపించేలా పెట్టిన గ్రాముల తూకంలోని మూడో దశాంశంతో సహా.