సీడీఎల్ అక్కర్లేదట, కార్ల ట్రైలర్ లాగుతానంటున్నాడు

ప్రశ్న: మా అక్క పెట్టిన పిటిషన్ మీద గ్రీన్ కార్డులొచ్చి, రెండేళ్ల క్రితం ఖమ్మం నుంచి డాలస్ వచ్చేశాం. మా అబ్బాయికి 20 ఏళ్లు. కమ్యూనిటీ కాలేజీలో చేరాడు గానీ చదువు మీద మనసు లేదు. స్నేహితుడి మాట విని, వాయిదాల మీద డూలీ (వెనక నాలుగు టైర్లుండే) పికప్ ట్రక్కు, మూడు కార్లు పట్టే ట్రైలర్ కొంటానంటున్నాడు. వేలం యార్డుల నుంచి డీలర్లకు కార్లు చేరవేసే పని. దీనికి కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్సు (సీడీఎల్) అక్కర్లేదంటున్నాడు. నిజమేనా? ఈ పని నమ్ముకోవచ్చా?

జవాబు: లైసెన్సు మాట ముందు తేల్చేద్దాం. అమెరికా ఫెడరల్ నిబంధన ప్రకారం క్లాస్ ఎ సీడీఎల్, అంటే బరువైన ట్రైలర్ లాగే బండ్ల లైసెన్సు, అవసరం కావాలంటే రెండు షరతులూ కలవాలి. ట్రక్కు, ట్రైలర్ కలిపి 26,001 పౌండ్లు లేదా అంతకు మించి ఉండాలి. అందులో ట్రైలర్ ఒక్కటే 10,000 పౌండ్లు దాటాలి. ట్రైలర్ 10,000 దాటితే చాలు సీడీఎల్ కావాలని కొందరంటారు, మొత్తం 26,000 దాటితే చాలని ఇంకొందరు. ఏ ఒక్కటీ పూర్తిగా సరి కాదు. టెక్సాస్‌లోనూ లెక్క ఇదే. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ 10,000 దాటితే చాలు, క్లాస్ ఎ అడుగుతారు, అక్కడి చుట్టాలు చెప్పే మాట మీకు వర్తించదు.

ఈ పౌండ్లు ఎక్కడ చూడాలి? ట్రక్కు డ్రైవర్ డోర్ తెరిస్తే, డోర్ మూసుకునే స్తంభం మీద తెల్ల స్టిక్కర్ ఉంటుంది. అందులో జీవీడబ్ల్యూఆర్ అన్న అక్షరాల పక్కన ఉండే అంకె, అంటే లోడుతో సహా ఆ బండి మోయగల గరిష్ఠ బరువు. డూలీలకు అది సాధారణంగా 14,000 పౌండ్లు. ట్రైలర్‌కు కూడా ముందు వైపు ఎడమ పక్కన అలాంటి ప్లేటే ఉంటుంది. ఈ రెండు అంకెలూ కూడాలి. షోరూంలో సేల్స్‌మన్ చెప్పే 'ఇన్ని వేల పౌండ్లు లాగుతుంది' అన్న అంకెకు ఈ లెక్కలో పని లేదు.

మీ అబ్బాయి స్నేహితుడు 'అక్కర్లేదు' అంటున్నది బహుశా ఇందుకే. 14,000 ట్రక్కు వెనక 12,000 ప్లేటున్న ట్రైలర్ కడితే సరిగ్గా 26,000 అవుతుంది. ఒక్క పౌండు తక్కువలో బయటపడ్డట్టే! ఇలాంటి వాళ్ల కోసమే బలమైన ట్రైలర్‌కు కూడా ఫ్యాక్టరీలోనే ప్లేటు మీద అంకె తగ్గించి అమ్ముతారు. ఇందులో తప్పు లేదు. తిరకాసంతా లోడు దగ్గరే ఉంది. మూడు కార్ల ట్రైలర్ ఖాళీగానే 5,000 పౌండ్ల పైచిలుకు ఉంటుంది. ఒక్కో క్యామ్రీ కారు సుమారు 3,400. మూడూ ఎక్కిస్తే ట్రైలర్ 15,000 దాటిపోతుంది, ప్లేటు మీద 12,000 అనే ఉంటుంది. బరువు కొంత ట్రక్కు మీద పడినా ఈ లెక్క కుదరదు. పైగా నిబంధనలో స్టిక్కర్ అంకె, కాటా మీద తేలిన బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే అదే తీసుకుంటారు. అంటే ఓవర్‌లోడుతో పాటు, సీడీఎల్ లేకుండా సీడీఎల్ బండి నడిపినట్టు కూడా అవుతుంది. చట్టానికి లోబడి తిప్పితే మూడు కార్ల ట్రైలర్ మీద ఒకటి, మహా అయితే రెండు చిన్న కార్లు. వాయిదా మాత్రం మూడు కార్ల ట్రైలర్‌కే కట్టాలి.

ఇక రెండో విషయం, నన్ను అడిగితే అసలు విషయం ఇదే. సీడీఎల్ అక్కర్లేదంటే కమర్షియల్ రూల్స్ ఏవీ అక్కర్లేదని కాదు. రాష్ట్రాలు దాటే వ్యాపారంలో ట్రక్కు, ట్రైలర్ కలిపి 10,001 పౌండ్లు ఉంటే చాలు, ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే యూఎస్‌డాట్ నంబర్ తీసుకోవాలి. దాన్ని ట్రక్కు రెండు పక్కలా 50 అడుగుల దూరం నుంచి కనిపించేలా రాయించాలి. గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర మెడికల్ పరీక్ష చేయించుకుని కార్డు జేబులో ఉంచుకోవాలి, అది ఎక్కువలో ఎక్కువ రెండేళ్లకే చెల్లుతుంది. పది గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలకు మించి నడపకూడదు. దూర ప్రయాణాలైతే ఆ గంటలు లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ పరికరం కావాలి. ఇతరుల సరుకు కిరాయికి మోస్తే విడిగా ఆపరేటింగ్ అథారిటీ (కిరాయికి మోసే అనుమతి), దానితో పాటు కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్సు.

వయసు సంగతి చూడండి. రాష్ట్రాలు దాటే వ్యాపారంలో ఈ తరగతి బండ్లు నడపాలంటే 21 నిండాలి, సీడీఎల్ ఉన్నా లేకపోయినా. డాలస్ నుంచి గంటన్నర లోపే రెడ్ రివర్, అవతల ఓక్లహోమా. మీ అబ్బాయి ఈ రోజు లోడుతో ఆ వంతెన దాటకూడదు. టెక్సాస్ లోపలే తిప్పుతానన్నా, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కారును దాని చివరి మజిలీకి చేర్చే పనైతే అదీ అంతర్రాష్ట్రమే అయ్యే వీలుంది.

అయితే ఈ పనే వద్దంటానా? అనను. డ్రైవింగ్ గౌరవమైన వృత్తి, మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ. నేను వద్దనేది 20 ఏళ్ల కుర్రాడు అప్పు చేసి, అనుభవం లేకుండా సొంత కంపెనీతో మొదలుపెట్టడం. కొత్త అథారిటీ, చిన్న వయసు డ్రైవర్ అనేసరికి ఇన్సూరెన్సు కంపెనీ చెప్పే అంకె చూస్తే ట్రక్కు వాయిదా చిన్నదిగా కనిపించొచ్చు. అందుకే అడ్వాన్సు కట్టకముందే మూడు చోట్ల కొటేషన్ తెప్పించమనండి.

నా సలహా సీడీఎల్ తీసుకోమనే. టెక్సాస్‌లో రాష్ట్రం లోపల నడపడానికి 18 ఏళ్లకే ఇస్తారు. 2022 ఫిబ్రవరి 7 నుంచి మొదటిసారి తీసుకునేవాళ్లు ఫెడరల్ రిజిస్ట్రీలో ఉన్న స్కూల్లోనే శిక్షణ పొందాలి. లెర్నర్ పర్మిట్ వచ్చాక కనీసం 14 రోజులు ఆగాకే డ్రైవింగ్ టెస్టు. కొన్ని కమ్యూనిటీ కాలేజీల్లోనే ఈ కోర్సు ఉంటుంది, వర్క్‌ఫోర్స్ ఆఫీసులో (ఉద్యోగాలకు సాయపడే ప్రభుత్వ ఆఫీసు) అడిగితే ఫీజుకు సాయం దొరికే అవకాశం ఉంది. ఒక్క జాగ్రత్త. టెస్టు సొంత పికప్‌తో, గూస్‌నెక్ ట్రైలర్‌తో (పికప్ వెనక తొట్టిలో తగిలించేది) ఇస్తే లైసెన్సు మీద ఆంక్షలు పడతాయి: పెద్ద ట్రాక్టర్ ట్రైలర్ నడపకూడదు, ఎయిర్ బ్రేకుల బండి నడపకూడదు, ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. స్కూలు పెద్ద ట్రక్కుతోనే టెస్టు ఇప్పించండి. రేపు తొమ్మిది కార్లు మోసే బండి మీద ఉద్యోగం రావాలంటే ఆంక్షల్లేని లైసెన్సే కావాలి. 21 నిండేలోపు టెక్సాస్ లోపల ఎవరి కంపెనీలోనైనా జీతానికి చేయనివ్వండి. కార్లు ఎక్కించడం, గొలుసులు బిగించడం, లోడ్లు ఇప్పించే బ్రోకర్లు డబ్బు ఎన్నాళ్లకిస్తారో కనిపెట్టడం ఇంకొకరి ఖర్చు మీద నేర్చుకోవచ్చు. సాయంత్రం రెండు సబ్జెక్టులు పెట్టుకుంటే కాలేజీ కూడా తెగిపోదు.

మీరు కూడా అబ్బాయితో కలిసి నడుపుదామనుకుంటుంటే, ఇంగ్లిష్ చూసుకోండి. 2025 జూన్ నుంచి తనిఖీలో ఇంగ్లిష్‌లో జవాబు చెప్పలేని డ్రైవర్లను అక్కడికక్కడే ఆపేస్తున్నారు. ఇంకొకటి, ఇది చదివే మిగతావాళ్ల కోసం: ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద, ఓపీటీ (ఆ వీసా మీద చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసే అనుమతి) మీద ఉన్న పిల్లలు ఈ పని జోలికి పోవద్దు, స్టేటస్‌కే ముప్పు. గ్రీన్ కార్డు లేనివాళ్లకు సీడీఎల్ ఇవ్వడం మీద 2025 సెప్టెంబరులో కొత్త ఆంక్షలు పెట్టారు, అవి కోర్టు దాకా వెళ్లాయి. మీ ఇంట్లో గ్రీన్ కార్డులున్నాయి గనక ఆ బెడద లేదు.

ఈ వారం ఒక పని చేయమనండి. కొనాలనుకుంటున్న ట్రక్కు స్టిక్కర్, ట్రైలర్ ప్లేటు ఫోటో తీసి, ఖాళీ ట్రైలర్ బరువెంతో డీలర్‌ను అడిగి రాసుకుని, ఎక్కించాలనుకుంటున్న మూడు కార్ల బరువులు కలిపి, కాగితం మీద కూడి మీకు చూపించమనండి.