పెద్దల పెన్షన్ కోస్తే కుర్రాళ్లకి న్యాయం జరిగినట్టేనా?

పెద్దవాళ్ల పెన్షన్ల భారం కుర్రాళ్ల మీద పడుతోంది, అది తగ్గిస్తే తరాల మధ్య లెక్క సరిపోయినట్టేనా అని అడిగారు. నాకైతే దీని గురించి కాస్త అర్థమైంది మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ వల్ల, నవ్వకండి.

రెండేళ్లు అసోసియేషన్ సెక్రటరీగా చేశా. ఒకరోజు లిఫ్ట్ ఆగిపోయింది, మెకానిక్ పైకెక్కి చూసి, రోప్ తీగలు పోగులు పోగులుగా లేచిపోయినవి ఫోన్‌లో ఫొటో తీసి చూపించి, ఇంక రిపేర్లు దండగ సార్ కొత్తది పెట్టించుకోండి అన్నాడు, చూస్తే ఫండ్ ఖాళీ. మీటింగ్ పెడితే ఐదో ఫ్లోర్ పెద్దాయన "ఇరవయ్యేళ్లు తిరిగే లిఫ్ట్‌కి నేనెందుకయ్యా కట్టాలి, అన్నాళ్లు ఉంటానా" అన్నారు. కొత్తగా ఫ్లాట్ కొని లోన్ కట్టుకుంటున్న కుర్రాడేమో "పాతది అరగదీసింది మేం కాదు కదంకుల్" అన్నాడు. ఇద్దరి మాటా కరెక్టే, అదే నా తలనొప్పి. రాత్రి పాత రిజిస్టర్లు తిరగేస్తే తెలిసిందేంటంటే పదేళ్లపాటు ప్రతి కమిటీ మా హయాంలో మెయింటెనెన్స్ పైసా పెంచలేదని గొప్పలు చెప్పుకుంది, అప్పుడు తక్కువ కట్టినవాళ్లలో సగం మంది ఫ్లాట్లు అమ్ముకుని ఎప్పుడో వెళ్లిపోయారు!

ప్రభుత్వాలు చేసేదీ దాదాపు ఇదే. చాలా దేశాల్లో పెన్షన్ అంటే వాళ్లు దాచుకున్నది తిరిగివ్వడం కాదు, ఇప్పుడు పనిచేసేవాళ్ల దగ్గర తీసుకుని, రిటైరైనవాళ్లకి అప్పటికప్పుడే ఇచ్చేయడం. పనిచేసేవాళ్లు ఎక్కువ ఉన్నన్నాళ్లూ ఎవరికీ నొప్పి తెలీదు. 1889లో జర్మనీలో ఛాన్సలర్ బిస్మార్క్ ప్రభుత్వ పెన్షన్ మొదలుపెట్టినప్పుడు పెన్షన్ వయసు 70, 1916లో 65 చేశారు, తర్వాత మనుషుల ఆయుష్షు పెరుగుతూ పోయింది కానీ ఆ 65 చాలాచోట్ల చాలాకాలం అలాగే పాతుకుపోయింది. ముట్టుకుంటే ఓట్లు పోతాయి మరి. అలాగని ఊరికే వయసు పెంచేస్తే ఏసీ రూమ్‌లో పనిచేసినవాడికి పర్లేదు, నలభయ్యేళ్లు బరువులు మోసినవాడి గతేంటి?

నాకు నచ్చింది స్వీడన్ పద్ధతి. లెక్క తేడా వస్తే పెన్షన్ పెంపు దానంతటదే తగ్గేలా ముందే రూల్ రాసుకున్నారు, 2008 సంక్షోభం దెబ్బకి 2010లో నిజంగానే పెన్షన్లు తగ్గాయి, పెద్దవాళ్లకి పన్ను తగ్గించి కొంత సర్దారు. బాధే, కానీ బిల్లు దాచిపెట్టి తర్వాతవాళ్ల నెత్తిన పడేయలేదు. 2021లో జర్మనీ రాజ్యాంగ కోర్టు వాతావరణ చట్టాన్ని తప్పుపట్టింది కూడా ఇలాంటి పాయింట్ మీదే, కాలుష్య వాయువుల్లో కష్టమైన కోతల్ని చాలావరకు 2030 తర్వాతకి నెట్టేశారని.

మా లిఫ్ట్ సంగతికొస్తే, బాకీ మనిషి మీద కాకుండా ఫ్లాట్ మీద రాశాం. పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేనివాళ్లు ఇప్పుడు కొంత కడతారు, మిగతాది ఆ ఫ్లాట్ అమ్మినప్పుడు వసూలవుతుంది, ఆలోపు లోటు మేమంతా సర్దుకున్నాం. ఐదో ఫ్లోర్ పెద్దాయన సంతకం పెట్టారు గానీ, పెడుతున్నంతసేపూ నన్ను తిడుతూనే ఉన్నారు.