కొయ్యకముందే ట్రాకింగ్ పెట్టు

నాన్నా చిన్నా,

మోల్డ్ (అచ్చు) ప్లేట్ల కోసం నువ్వు ఆన్‌షేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా ఒక ఫీచర్, అంటే మోడల్‌ని మార్చే చిన్న ప్రోగ్రామ్, రాస్తున్నావనీ, వచ్చే నెల నుంచి బొమ్మసంద్ర షాపులో దాన్నే వాడతారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వచ్చింది నువ్వే. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదురా. అందుకే ఈ ఉత్తరం.

కొలతలకు యూనిట్లు రాయమనీ, ప్రతి ఆపరేషన్‌కీ (కోత, రంధ్రం లాంటి ఒక్కో పనికీ) వేరే ఐడీ ఇమ్మనీ నీకు చెప్పక్కర్లేదు. నా భయమల్లా ఒకటే: నువ్వు మొదట ఎంచుకున్న ఫేస్ (మోడల్ మీది ఒక ముఖం), నాలుగు ఆపరేషన్లయ్యాక కూడా నీ చేతిలో ఉన్నది అదేనా?

పీణ్యాలో నేను పనిచేసిన టూల్‌రూమ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, చెయ్యి తిరిగిన డిజైనర్. ప్లేటు వెనకవైపు ట్యాప్ రంధ్రాలు (మరలు బిగించేవి) పెట్టడానికి మాక్రో, అంటే తనంతట నడిచే చిన్న ప్రోగ్రామ్, రాశాడు. వెనక ఫేస్‌ని ఎలా గుర్తుపట్టాడంటే, మోడల్ ఫేస్‌ల జాబితాలో అది ఏడోది, అంతే. నెలల తరబడి బాగానే నడిచింది. ఒకసారి కస్టమర్ పక్కన ఒక స్లాట్ అడిగాడు. స్లాట్‌తో కొత్త ఫేస్‌లు పుట్టాయి, జాబితా వరస మారింది, ఏడోది ఇప్పుడు పార్టింగ్ ఫేస్ అయింది. మాక్రో ఎర్రర్ ఇవ్వలేదు, చక్కగా పూర్తయింది. డ్రాయింగ్ వెళ్లింది. నైట్ షిఫ్ట్‌లో పీ20 స్టీలు దిమ్మలో, ఆ పార్టింగ్ ఫేస్ మీద, అంటే అచ్చు రెండు సగాలూ కలిసే నున్నటి ముఖం మీద, రంధ్రాలు పడ్డాయి. వెల్డింగ్‌తో పూడ్చినా ఆ అచ్చులోంచి వచ్చే పార్టు మీద మచ్చ పడుతుంది. దిమ్మ స్క్రాప్.

పొద్దున అందరూ తిట్టింది ఆపరేటర్‌ని. నూనె వేలిముద్రలు పడ్డ డ్రాయింగ్‌ని రెండు చేతులతో పట్టుకుని, "ఇందులో ఉన్నదే చేశాను మేడమ్" అని నాకు చూపించాడు. నిజమే, అందులో ఉన్నదే చేశాడు. ఆ మనిషి మొహం నేను మర్చిపోలేదు. మీ షాపులోనూ రాత్రిపూట అలాంటివాళ్లు నిలబడి పనిచేస్తారు. స్క్రిప్ట్ ఆగిపోతే నీకు ఒక పూట టెన్షన్, అంతే. ఆగకుండా ఇంకో ఫేస్‌ని పట్టుకుంటే దెబ్బ తినేది వాళ్లు.

పొలం మధ్యనుంచి కాలువ తీస్తే ఒక సర్వే నంబరు రెండు ముక్కలైనట్టు, స్లాట్ కోస్తే ఒక ఫేస్ రెండవుతుంది. బూలియన్‌లో (రెండు ఘనాలను కలిపినప్పుడు) ఒకే తలంలో ఉన్న రెండు ఫేస్‌లు కలిసి ఒకటి కావచ్చు. ఒక ఎడ్జ్‌కి ఫిల్లెట్ వేస్తే, అంటే ఆ అంచుని గుండ్రం చేస్తే, ఆ ఎడ్జ్ మాయమై దాని చోట కొత్త ఫేస్ వస్తుంది. ఇది నీ ఒక్కడి తలనొప్పి కాదు. ఫ్రీక్యాడ్‌ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏళ్ల తరబడి దీనితో కుస్తీ పట్టి, 2024 నవంబరులో వచ్చిన 1.0లో గానీ చాలావరకు అదుపులోకి తేలేకపోయారు. దాని కింద ఉండే ఓపెన్ క్యాస్కేడ్ అనే జ్యామితి లైబ్రరీలో అయితే ఏది మారింది, ఏది పుట్టింది, ఏది పోయింది అని ఆపరేషన్‌నే అడగొచ్చు.

నువ్వు రాసే ఆన్‌షేప్ భాష ఫీచర్‌స్క్రిప్ట్‌లో, ఫేస్ ఏమవుతోందో వెంటాడే స్టార్ట్‌ట్రాకింగ్ ఉంది. దాన్ని ఆపరేషన్‌కి ముందే పిలవాలి, కోసేశాక పిలిస్తే అప్పటిదాకా జరిగింది దానికి తెలియదు. పాత ఫేస్ చెక్కుచెదరకుండా మిగలొచ్చు కూడా, అందుకని అసలు క్వెరీనీ (ఏ ఫేస్ కావాలో చెప్పే వివరణ) ట్రాకింగ్ క్వెరీనీ కలిపి, రెంటినీ ఒకటి చేసే క్యూయూనియన్‌లో పెట్టు. క్వెరీకి ఆ క్షణాన దొరికే ఫేస్‌లను ఇచ్చే ఇవాల్యుయేట్‌క్వెరీ ఫలితాన్ని దాచుకుని మూడు ఆపరేషన్ల తర్వాత వాడతానంటే ఊరుకోను. మోడల్ మారిన క్షణమే దానికి కాలం చెల్లింది. ఎక్స్‌ట్రూడ్ చేసిన (గీసిన ఆకారాన్ని సాగదీసి ఘనం చేసిన) దాని పై ఫేస్ కావాలంటే, ఆ చివరి ముఖాన్నే అడిగే క్యూక్యాప్‌ఎంటిటీ అను, "అన్నిటికన్నా ఎత్తులో ఉన్నది" అనకు. రేపు ఎవరో దానిమీద ఒక బాస్ (పైకి పొడుచుకొచ్చిన దిమ్మె) నిలబెడతారు.

అన్నిటికంటే ముఖ్యం, రంధ్రం పెట్టబోయే ముందు ఎన్ని ఫేస్‌లు వచ్చాయో లెక్కపెట్టు. ఒకటి రావాల్సిన చోట రెండొచ్చినా, ఏదీ రాకపోయినా, రీజెన్‌ఎర్రర్ (ఫీచర్ తప్పిందని చెప్పే సందేశం) విసిరి ఫీచర్‌ని ఆపెయ్యి. మొదటిదాన్ని తీసుకుని ముందుకు పోకు. "అదెంత, అరగంట పని" అని మీ అమ్మతో అన్నావట. ఆ మాట నాకు నచ్చలేదు. రాయడం అరగంట పనే కావచ్చు. స్లాట్ వేసి, ఫిల్లెట్ మార్చి, ప్లేటు కొలతలు తలకిందులు చేసి, ప్రతిసారీ డీబగ్ అనే ఆదేశంతో ఆ ఫేస్ తెర మీద ఎర్రగా వెలుగుతోందా అని చూడ్డానికి వారం పట్టినా ఫర్వాలేదు, మీ మేనేజర్‌ని ఆ వారం అడుగు. అడగడానికి మొహమాటపడే పిల్లాడివని నాకు తెలుసు, చిన్నప్పుడు మా ఇంట్లో ఆకలేసినా అడిగేవాడివి కాదు.

ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని మల్లేశ్వరం రా. గుత్తొంకాయ చేస్తాను. స్క్రిప్ట్‌ని ఎన్ని రకాలుగా పాడుచేయొచ్చో ఇద్దరం కూర్చుని చూద్దాం. షాపులో ఆ ప్లేటు కోసే ఆపరేటర్‌ని కూడా ముందే ఒకసారి కలిసి, ఏ ముఖం మీద చెయ్యి పడకూడదో అతన్నే అడిగి రాసుకురా.

మీ పెద్దమ్మ